లేని క్యాంపులో మా అక్క

ప్రభుత్వాన్ని చాలామంది ఎదురుగా నిలబడి చూస్తారు. చేతులు కట్టుకుని చూసేవాళ్లు కొందరు, చేతులు చాపి చూసేవాళ్లు కొందరు. నేను మాత్రం వెల్లకిలా పడుకుని చూశాను. ఏటా ఒకసారి, స్ట్రెచర్ మీద, నుదుటికి ఎర్ర సిరా పూసిన కట్టుతో.

మా గోదావరిఖని వైపు ఏడాదికోసారి విపత్తు విన్యాసం జరుగుతుంది. కాగితాల్లో దాని పేరు అంత బరువైనది. నోటిమాటగా మాక్ డ్రిల్లే. మాకు డ్రిల్లు, చూసేవాళ్లకు థ్రిల్లు. ఒక ఏడాది గ్యాస్ లీకవుతుంది, ఒక ఏడాది భూమి కంపిస్తుంది, ఇంకో ఏడాది వరద వస్తుంది. ఏది వచ్చినా ఎండ బాగా కాసే రోజు చూసుకునే వస్తుంది. రెవెన్యూ వాళ్లు, వైద్యం వాళ్లు, పోలీసులు, అగ్నిమాపకం, మున్సిపాలిటీ, బొగ్గు గనుల కంపెనీ, అందరూ ఒకే షామియానా కింద కూర్చుని చేసే పని ఏడాది మొత్తంలో అదొక్కటే. దాన్ని సమన్వయం అంటారు. అందరికీ సమంగా అన్వయించేది కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా అన్వయించదు.

ఇంతమంది రక్షించడానికి సిద్ధంగా ఉంటే, రక్షింపబడడానికి ఒక మనిషి కావాలి గదా. మా ఆఫీసులో ఎవరు లేకపోతే పని ఆగదో చూశారు. నేను దొరికాను. పైగా బరువు తక్కువ. స్ట్రెచర్ మోసే కుర్రాళ్ల నడుములకు నేనంటే అభిమానం. ఆ విధంగా నేను శాశ్వత బాధితుణ్ణి అయ్యాను. మా దగ్గర బాధితుల జాబితా ఎప్పుడూ తయారుగా ఉంటుంది. బాధ్యుల జాబితానే ఇంతవరకూ ఎవరూ టైపు చేయలేదు.

ఈ పని చేస్తూ నేను చాలా నేర్చుకున్నాను. గాయాన్ని బట్టి చేతికి రంగు రిబ్బన్ కడతారు. ఆకుపచ్చ అంటే నడవగలడు, పసుపు అంటే ఆగగలడు, ఎరుపు అంటే ఆగలేడు, నలుపు అంటే ఇక తొందర లేదు. ఒక ఏడాది ఎర్ర రిబ్బన్లు అయిపోయి నాకు నల్లది కట్టారు. డ్రిల్లు ముగిశాక ఉప్మా కోసం వరుసలో నిలబడితే, టోకెన్లిచ్చేవాడు నా చెయ్యి చూసి, "నువ్వు చచ్చిపోయినవు గదన్నా, నీ ప్లేటు లెక్కల పెట్టలె" అన్నాడు. తమాషాకి కాదు. నిజంగానే ఇవ్వలేదు.

డ్రిల్లు ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది. సైరన్ మోగుతుంది, అంబులెన్స్ వస్తుంది, నన్ను ఎక్కిస్తారు. చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగి ఆటల మైదానానికి తీసుకుపోతారు. అక్కడ షామియానా కింద తాత్కాలిక వైద్య శిబిరం ఉంటుంది. స్ట్రెచర్ దించి, బ్యానర్ కిందికి జరిపి, ఫొటో తీస్తారు. ఫొటో పడ్డాక నేను లేచి కూర్చుంటాను. ఆరోగ్యం అంత వేగంగా కుదుటపడే చోటు ఈ దేశంలో మరొకటి ఉండదు. దవాఖానకు మాత్రం ఎన్నడూ పోలేదు. పోవలసిన అవసరం ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

ఇదంతా నవ్వుకుంటూ చెప్పుకునే సంగతే. ఆ వానాకాలం రాకపోతే అలాగే ఉండేది.

మా అక్కకు రెండు కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు సర్కారు దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. నేను ఏటా ఒకసారి పడుకునే దానికే ఇన్ని కబుర్లు చెబుతాను గానీ, ఆమె వారానికి రెండుసార్లు నిజంగా పడుకుంటుంది, ఒక్క కబురూ చెప్పదు. బావ బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, వాగు పక్కన పల్లపు వాడలో జాగా కొని మిద్దె కట్టాడు. కట్టిన రెండో ఏడే పోయాడు. అల్లుడు కొత్తగూడెంలో బాయి పనిలో ఉన్నాడు, కూతురూ అక్కడే. ఇక్కడ ఆమెకు నేను, నాకు ఆమె.

ఆ యేడు గోదావరి నిండింది. నిండిన గోదావరి వాగు నీళ్లను లోపలికి రానివ్వదు, వెనక్కి తంతుంది. ఆ వెనక్కి తన్నిన నీళ్లు అక్క వాడలోకి వచ్చాయి. మొదటి రోజు రోడ్డు మునిగి డయాలసిస్‌కు పోవడం కుదరలేదు. "ఒక్కపారి తప్పితే ఏంగాదు" అంది. ఆ తర్వాత కింది గదిలోకి నీళ్లొస్తే మిద్దె మీది రేకుల గదికి ఎక్కింది. మూడో రోజు పొద్దున ఫోన్ చేస్తే, మాట మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

"కాళ్లు గుమ్మడికాయల్లెక్క అయినయ్ తమ్మి. పండుకుంటె ఊపిరాడుతలేదు. రాత్రంత గోడకు ఆనుకొని కూసున్న."

"నీళ్లు బాగా తాగినవా?"

"తాగలె. గోదారే నాలోకి వచ్చింది. బయట దిగకపాయె, లోపల దిగకపాయె."

మిషన్ లేకపోతే ఒంట్లో చేరిన నీరు పోయే దారి లేదు. అది ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. ఆ రోజు ఎలాగైనా ఆమెను మిషన్ దగ్గరికి చేర్చాలి. రేపు అనే మాట లేదు. ఇంత చిన్న సంగతి. మా ఇంటి నుంచి ఆమె ఇంటికి నడిచిపోవచ్చు, ఆమె ఇంటి నుంచి దవాఖానకు ఆటోలో పోవచ్చు. మధ్యలో నీళ్లు, నీళ్ల మీద ప్రభుత్వం.

నాకు ధైర్యంగానే ఉంది. ఈ ఊళ్లో అత్యవసర వైద్యాన్ని నాకంటే ఎక్కువసార్లు అనుభవించినవాడెవడు? వరద కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాను.

"మెడికల్ టేబుల్. చెప్పండి సర్."

చెప్పాను. అవతలి మనిషి మర్యాదస్తుడు. చివరిదాకా విన్నాడు.

"నీళ్లు ఇంట్లోకి వచ్చినయా సర్, ఇంటి చుట్టే ఉన్నయా?"

"ఇంట్లోకి వచ్చినయి. ఆమె మిద్దె మీద ఉంది."

"అయితే రెస్క్యూ కిందికి వస్తది సర్. రెస్క్యూ టేబుల్‌కు ఇస్త, లైన్ల ఉండండి."

రెస్క్యూ టేబుల్‌కు మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

"పేషెంటా సర్?"

"అవును, డయాలసిస్ పేషెంటు."

"పేషెంటయితే మెడికల్ టేబుల్ సర్."

"వాళ్లే మీకిచ్చారు."

"ఇస్తరు సర్. వాళ్లకేం."

ఆ మాట వెనక నుంచి మొదటాయన దగ్గు స్పష్టంగా వినిపించింది. రెండు టేబుళ్లూ ఒకే గదిలో ఉన్నాయన్నమాట, బహుశా ఒకదానికొకటి ఆనుకుని. దాని పేరు కంట్రోల్ రూమ్. రూమ్ ఒకటి కచ్చితంగా ఉంది.

"బాబూ," అన్నాను, "మీ పక్కన దగ్గుతున్నాయన్ని ఒకసారి అడగండి. ఇద్దరూ కలిసి ఒక పడవ పంపండి."

కాసేపు గుసగుసలు. తర్వాత ఫోన్‌లోకి వచ్చాడు.

"పడవ ఉంది సర్. కానీ డాక్టరు గారు చూడకుంట పేషెంటును పడవ ఎక్కియ్యొద్దని ఆర్డర్."

"అయితే డాక్టర్‌ను పంపండి."

"పడవ లేకుంట డాక్టర్‌గారిని ఎట్ల పంపుతం సర్?"

"పడవ ఉందన్నారుగా?"

"పేషెంట్ల కోసం ఉంది సర్."

నేను ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని ఒకసారి గోడవైపు చూశాను. గోడకు తల కొట్టుకుంటే మెడికల్ టేబులా, రెస్క్యూ టేబులా అన్న సందేహం వచ్చి మానేశాను.

అక్క వాడ ఎవరి పరిధి అనే ప్రశ్న తర్వాత వచ్చింది. వాగుకు ఇవతల కంపెనీ, అవతల మున్సిపాలిటీ. ఇల్లు వాగుకు ఎటువైపు అని అడిగారు. వాగు ఎక్కడుందో వాగుకే తెలియని రోజు అది. నాకు తెలిసింది చెప్పాను. సంబంధిత అధికారికి తెలియజేస్తామన్నారు. ఆ పూట నాకు ఎంతమంది సంబంధితులున్నారో విని ఆశ్చర్యపోయాను. అక్క పెళ్లిలో కూడా ఇంతమంది బంధువులు రాలేదు. చివరకు "మీ కంప్లయింట్ రిజిస్టర్ అయింది సర్, పడవ వచ్చేదాకా మిద్దె దిగొద్దని చెప్పండి" అన్నారు. అత్యవసర విభాగం అనే మాటలో 'అతి' ఆఫీసుకు పోతుంది, 'అవసరం' మనకు మిగులుతుంది.

గొడుగు తీసుకుని నీళ్ల అంచుకు పోయాను. రోడ్డు ఎక్కడ మునిగిందో అక్కడ ఒక అంబులెన్స్ ఆగి ఉంది. అందులో డ్రైవరు, అటెండరు పొద్దుటి నుంచి పేషెంట్ల కోసం ఎదురుచూస్తున్నారట. పేషెంట్లందరూ నీళ్లకు అవతల ఉన్నారు. నీళ్లకు ఇవతల ఉన్నవాళ్లకు ఏ రోగమూ లేదు, కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసిన నాకు తప్ప.

డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు. ప్రతి డ్రిల్లులో నన్ను మైదానానికి మోసుకుపోయేది అతనే.

"ఏం సార్, ఇయ్యాల మీరు పండుకోలె?"

"ఇయ్యాల మా అక్క వంతు," అన్నాను. నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు.

అంబులెన్స్ నీళ్లలోకి రాదు. పడవ వచ్చేదాకా ఆగాలి. పడవ డాక్టర్ కోసం ఆగింది. డాక్టర్ పడవ కోసం. నేను ఇలా ఆగినవన్నీ లెక్కపెట్టుకుంటూ నిలబడితే, వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. మెకానిక్. రోడ్డు ఎత్తుగా ఉన్నచోట అతని షెడ్డు ఉంది. బొగ్గు టిప్పర్లు బాగుచేస్తాడు. ఇంట్లో దక్కనీ, షెడ్డులో తెలుగు, బండి మొరాయిస్తే రెండూ కలిపి తిడతాడు. అక్క వాళ్ల గల్లీలోనే అతని ఇల్లు. ఇంటిల్లిపాదినీ ముందే బంధువుల ఇంటికి పంపేసి తాను షెడ్డులో పడుకుంటున్నాడు.

"అక్క ఇంకా మిద్దె మీదనే ఉందా భాయ్?"

"పడవ వస్తదన్నారు."

"ఎవరన్నరు?"

"కంట్రోల్ రూమ్."

"అరే, జల్ది చెయ్యాల్సిన పని గిట్ల ఫోన్లల్ల పెట్టుకుంటరా? నా షెడ్డుల టిప్పర్ ఉంది. ఇంజన్ మంచిగుంది. స్టార్టయితది, నీళ్లల్ల పోతది."

"మరి నీ దగ్గరికి ఎందుకొచ్చింది?"

"బ్రేకుల్లేవు."

నేను ఒకసారి నీళ్లవైపు చూశాను.

"ఫికర్ చెయ్యకు భాయ్. నీళ్లల్ల బ్రేకులెందుకు? నీళ్లే బ్రేకు."

ఇంతకంటే గట్టి హామీ ఆ రోజు నాకు ఏ టేబుల్ నుంచీ రాలేదు. ఎక్కాను.

టిప్పర్ ఎత్తు మీద కూర్చుంటే ముందు అద్దంలో గల్లీ గోధుమరంగు కాలువలా కనబడింది. స్కూటర్ల హ్యాండిళ్లు, ఒక తులసికోట పైభాగం, తేలుతున్న ప్లాస్టిక్ కుర్చీ. మెకానిక్ కిటికీలోంచి తల బయటపెట్టి కనబడని రోడ్డును జ్ఞాపకంతో నడిపాడు. అక్క ఇంటి బయటి మెట్లకు బండి వెనక భాగం ఆనించాడు. ఆనించడం అంటే, తగిలింది. ఒక మెట్టు అంచు విరిగింది.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. నన్ను చూసి నవ్వబోయింది, నవ్వుకు ఊపిరి చాలలేదు.

"పడవ అన్నవ్ గదరా?"

"ఇదే పడవ."

"దీనికి చక్రాలున్నయ్."

"సర్కారు పడవ. చక్రాలు గూడ శాంక్షన్ చేసిన్రు," అన్నాడు మెకానిక్. "లే అక్కా, నెమ్మదిగ. చెయ్యియ్యి. ఆ చెయ్యి కాదు, సూదులు పెట్టే చెయ్యి ఎట్ల పడుతనే, ఇంకో చెయ్యియ్యి."

పరుపు మడిచి టిప్పర్ డబ్బాలో వేసి, ఆమెను దాని మీద కూర్చోబెట్టాం. పడుకోబెడితే ఊపిరాడదు కాబట్టి నేను వెనక గోడలాగా కూర్చున్నాను. నా బరువు తక్కువైనా వీపు వీపే గదా.

ఎదురింటి మిద్దె మీద ఒక అవ్వ నిలబడి చూస్తోంది. ఒక్కతే ఉంటుంది. ఆమెను కూడా రమ్మని మెకానిక్ కేకేశాడు.

"బ్రేకులున్నయా దానికి?" అంది అవ్వ. ఆ గల్లీలో అతని బండ్ల సంగతి అందరికీ తెలుసు.

"లేవవ్వా."

"అయితె రాను. నాకేం రోగం? షుగర్ గోలీలు అయిపోయినయ్, అవి పంపియ్యి చాలు. పొయ్యిరా బిడ్డా," అని మా అక్కవైపు చెయ్యి ఊపింది.

తిరుగు దారిలో వాన పెరిగింది. టిప్పర్ డబ్బాలో అడుగున మిగిలిన బొగ్గుపొడి వాననీళ్లలో కలిసి మా ఇద్దరి మీదికీ చిమ్మింది. పొడి రోడ్డు మీదికి వచ్చాక మెకానిక్ బండిని ఆపిన తీరు చెబితే మీరు నమ్మరు. మూలమలుపులో ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప ఉంది. నేరుగా దానిలోకి పోనిచ్చాడు. ఆగింది. దిగి, "చూసినవా, వెన్న లెక్క, మక్ఖన్ లెక్క ఆగింది" అన్నాడు.

అంబులెన్స్ అటెండరు పరుగెత్తుకొచ్చి, నల్లగా ఉన్న మా అక్కను చూసి, "ఏ బాయిల ప్రమాదం సార్?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ తర్వాత చకచకా చేశాడు. ఆక్సిజన్ పెట్టాడు, తల వైపు ఎత్తు లేపాడు, బీపీ చూశాడు. వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసి ముఖం మార్చుకున్నాడు. సైరన్ వేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రభుత్వం మీద అప్పటిదాకా తిట్టుకున్నవన్నీ వెనక్కి తీసుకుందామనుకున్నాను.

చౌరస్తా వచ్చింది. దవాఖాన కుడివైపు. బండి ఎడమకు తిరిగింది.

ఆ మలుపును నా ఒళ్లు గుర్తుపట్టింది. అదే ఊపు, అదే గుంత, అదే చోట తల కుడివైపుకు వాలడం. ఇన్నేళ్లు పడుకుని పోయిన దారిలో మొదటిసారి కూర్చుని పోతున్నాను.

"ఎటు?" అని అరిచాను.

"క్యాంపుకు సార్," అన్నాడు డ్రైవరు, నేనేదో ఎరగనట్టు అడిగినందుకు ఆశ్చర్యపోతూ. "ఈ పాయింట్ల ఎక్కినోళ్లందరు క్యాంపుకే. ప్లాన్ల అట్లనే ఉంది. మనం ఎప్పుడు పోయేదే గద."

"ఆమెకు డయాలసిస్ కావాలి బాబూ! క్యాంపులో మిషన్ ఉంటుందా?"

"క్యాంపుల డాక్టర్ సార్ చూసి, ఎటు రాస్తె అటు పోవుడే."

మాట పూర్తయ్యేలోపు మైదానం వచ్చేసింది. గేటుకు బ్యానర్ కట్టి ఉంది: అత్యవసర వైద్య శిబిరం. కింద వరసగా పెద్దల ఫొటోలు. బ్యానర్ వెనక మైదానం, మైదానం నిండా నీటి గుంతలు, గుంతల్లో రెండు బర్రెలు. షామియానా లేదు. బల్ల లేదు. డాక్టరు లేడు.

అతని తప్పని నేను అనలేను. ఆ బండి ఎన్నిసార్లు ఎక్కడికి పోవడం నేర్చుకుందో అక్కడికే పోయింది. దానికి ఆ అలవాటు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, పడుకునే భాగస్వామిని.

"సరే, చూశాం గదా. దవాఖానకు పోనీ," అన్నాను.

"పోలేను సార్. క్యాంపుల అప్పజెప్పినట్టు వాట్సాప్ గ్రూపుల ఫొటో పడాలె. అది పడకుంట బండి కదిల్తే నా ఉద్యోగం కదుల్తది. పోయిన వారం ఒక డ్రైవర్‌ను గట్లనే పక్కన కూసోబెట్టిన్రు."

కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాను. మెడికల్ టేబుల్ ఆయన గొంతు ఇప్పుడు నాకు మేనమామ గొంతులా పరిచయం.

"క్యాంపు నడుస్తున్నది గద సర్."

"నేను క్యాంపులోనే నిలబడి ఉన్నాను. రెండు బర్రెలు తప్ప ఎవరూ లేరు."

"లేదు సర్, నడుస్తున్నది. పొద్దుగాల్నే ఫొటో వచ్చింది." బ్యానర్ ఫొటో. "డాక్టర్ గారు కూడ రిపోర్ట్ చేసిన్రు."

"ఎక్కడ రిపోర్ట్ చేశారు?"

"దవాఖానల సర్. క్యాంపు నుంచి వచ్చే పేషెంట్ల కోసం అక్కడ రెడీగ ఉన్నరు."

బండిలో అక్క ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకి జరిపి నన్ను పిలిచింది. అంతా వింటోందన్నమాట. పెదాలు కొద్దిగా నీలంగా ఉన్నాయి.

"తమ్మి. ప్రతియేడు... ఈడనే గద... నువ్వు పండుకునేది?"

"అవునక్కా, మాట్లాడకు."

"ఎట్ల... లేస్తవ్ మరి?"

"లేవడమేముంది. ఫొటో తీస్తారు, లేస్తాను."

"అయితె తియ్యిండ్రి," అంది. "తీస్తెనే కదుల్తరంటె... తియ్యిండ్రి జల్ది."

డ్రైవరు, అటెండరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే దిగారు. వెనక తలుపులు బార్లా తెరిచి, బండిని గేటు దగ్గరికి రివర్స్ చేసి, బ్యానర్ కింద స్ట్రెచరు కనబడేలా నిలిపారు. నేను పక్కన నిలబడ్డాను. బొగ్గు మరకలతో ఒక అక్క, ఒక తమ్ముడు, పైన పెద్దల చిరునవ్వులు. డ్రైవరు ఫొటో తీసి గ్రూపులో వేశాడు. బొటనవేళ్లు టపటపా పడ్డాయి. నమస్కారాలు పడ్డాయి. ఎవరో చప్పట్లు కూడా పెట్టారు. ఆ వెనకే కంట్రోల్ రూమ్ సందేశం: పేషెంటు క్యాంపులో చేరిక పూర్తి. అభినందనలు టీం.

మా అక్క అధికారికంగా ఆ మైదానంలో చేరింది. నాకు తెలిసి ఈనాటికీ ఆమె అక్కడి నుంచి డిశ్చార్జి కాలేదు.

"ఇగ క్యాంపు నుంచి దవాఖానకు పోవాలంటె క్యాంపు డాక్టర్ సార్ రాసియ్యాలె," అన్నాడు అటెండరు సందేహంగా.

"ఉంటె గద రాసిచ్చెటందుకు," అన్నాడు డ్రైవరు స్టీరింగ్ ఎక్కుతూ. "రాసేటోడు లేడు, వద్దనేటోడు గూడ లేడు. తలుపెయ్యి."

చౌరస్తా దాటి దవాఖాన దారి పట్టినప్పుడు బండి కొంచెం తడబడినట్టు నాకనిపించింది. కొత్త దారి.

డయాలసిస్ వార్డులో మిషన్లు ఖాళీగా ఉన్నాయి. రావలసిన వాళ్లంతా మా అక్కలాగే నీళ్లకు అవతలో, ఏదో ఒక టేబుల్‌కు ఇవతలో ఉండిపోయారు. టెక్నీషియన్ అమ్మాయి మమ్మల్ని చూసి, "పొద్దటి సంది కండ్లు కాయలు కాసినయ్ సార్. ఎక్కడున్నరు ఇంతసేపు?" అంది.

"క్యాంపులో," అన్నాను.

డాక్టర్ పరుగున వచ్చాడు. కుర్రవాడు. "క్యాంపు నుంచి కేసులు వస్తున్నాయని చెప్పారు, నేను ఇక్కడే కూర్చున్నాను" అన్నాడు నాతో, తన తప్పేమీ లేనట్టు, నిజంగానే లేనట్టు. ఆ రోజు నేను కలిసినవాళ్లలో ఒక్కరి తప్పూ లేదు. అంతకంటే తల పట్టుకోవలసిన విషయం ఇంకొకటి ఉందా? ఒక్క దుర్మార్గుడైనా దొరికితే వాణ్ణి తిట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి.

బరువు తూచారు. టెక్నీషియన్ అంకె చూసి అక్కను గట్టిగా మందలించింది. అక్క తల ఊపింది. సూదులు పెట్టారు, గొట్టాల్లో ఎరుపు కదిలింది, మిషన్ సన్నగా తిరగడం మొదలుపెట్టింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ఛాతీ ఎగసిపడడం చూస్తూ ఉండిపోయాను. చాలాసేపటికి ఊపిరి మధ్య ఎడం పెరిగింది. పెదాలకు రంగు తిరిగింది. ఇంకాసేపటికి తల పక్కకు తిప్పి, "నీ మూతికి బొగ్గంటింది, తుడుసుకో" అంది ఒకే ఊపిరిలో. మధ్యలో ఆగకుండా. నేను తుడుచుకోవడానికి అని చెప్పి వరండాలోకి పోయి, బొగ్గుతో పాటు ఇంకొంత తుడుచుకుని వచ్చాను.

వచ్చేసరికి నా ఫోన్ అక్క చేతిలో ఉంది. మంచం మీద వదిలి పోయాను, మోగితే ఎత్తిందట. స్పీకర్‌లో పెట్టింది. రెస్క్యూ టేబుల్.

"...పడవ బయల్దేరుతున్నది అమ్మా. డాక్టర్ గారి పర్మిషన్ కూడ వచ్చింది. మీరు మిద్దె దిగొద్దు."

"నేను మిద్దె మీద లేను బిడ్డా, దవాఖానల ఉన్న. మిషన్ నడుస్తున్నది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు, పక్కన అదే పాత దగ్గు.

"లేదమ్మా, మీరు క్యాంపుల ఉన్నట్టు ఉంది. ఇంకో దాంట్ల మిద్దె మీద ఉన్నట్టు ఉంది."

"ఏడ ఉంటె ఆడ ఉండనియ్యి. పడవ మాత్రం పంపు. మా ఎదురింటి అవ్వ ఒక్కతే ఉంది. షుగర్ గోలీలు అయిపోయినయ్ ఆమెకు. గోలీలు ఇచ్చి, వస్తనంటె తీసుకరాండ్రి. పడవకు బ్రేకుల సంగతి ఆమె అడగదు."

"ఈ పడవ మీ కంప్లయింట్ మీద శాంక్షన్ అయింది అమ్మా. వేరే వాళ్లంటే వేరే కంప్లయింట్ పెట్టాలె. మళ్ల గోలీలంటే మెడికల్ టేబుల్. మనిషంటే మా టేబుల్. రెండు పెట్టాలె."

నేను ఫోన్ లాక్కోబోయాను. ఆ పూటంతా దాచుకున్నవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అక్క సూదులు లేని చేత్తో నన్ను వారించింది. దిండు మీద కాస్త సర్దుకుని, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"రెండు గాదు, నాలుగు రాస్కో బిడ్డా. మెల్లగ చెప్త, తప్పుల్లేకుంట రాస్కో. అయిపోయినంక మీ పక్కన దగ్గేటాయనకు ఇయ్యి, ఆయనకు గూడ చెప్త. నాలుగు గంటలు నేను యాడికి పోయేది లేదు."